గురువారం గది

ప్రతి గురువారం ఉదయం హిలరీ థాక్రే తమ ఊరి లైబ్రరీ మేడ మీది గదిలో, ఇంగ్లాండుకు కొత్తగా వచ్చినవాళ్ళకు ఇంగ్లీషు నేర్పుతుంది. జీతం లేదు. బిస్కెట్లు కూడా ఆమెవే. వారం మొత్తంలో తన మాటను ఎవరైనా శ్రద్ధగా వినే రెండు గంటలూ అవే.

తొమ్మిదేళ్ళుగా ఆమె నేర్పుతున్నది ఒకటే. క్రియను ఎన్నడూ ఒంటరిగా బయటికి పంపకూడదు. 'ఐ' పక్కన 'వాంట్' నేరుగా వచ్చి కూర్చుంటే మొరటుతనం. రెంటి మధ్యా ఒక 'జస్ట్', ఒక 'పర్హాప్స్', కుదిరితే ఒక 'రియల్లీ' సర్ది కూర్చోబెట్టాలి.

వచ్చే నెల నుంచి గురువారాలు ఆ గది యోగావాళ్ళకు ఇస్తారని ఆమెకు తెలిసింది. లైబ్రరీలో మరో గది లేదు. అది పోతే తరగతి పోయినట్టే. లైబ్రరీ చూసుకునే గ్వెన్ పోకాక్‌కు మూడు రోజులు చెక్కి చెక్కి ఉత్తరం రాసి, భర్త క్లైవ్‌కు చదివి వినిపించింది.

"గురువారాల గురించి జస్ట్ ఒక చిన్నమాట. మీకేమాత్రం ఇబ్బందైనా వదిలేయండి, పర్వాలేదు, నిజంగా. ఎప్పుడైనా వీలు చిక్కితే ఆ గది సంగతి బహుశా కాస్త ఆలోచించగలరేమోనని..."

"బాగుంది. ఇంతకీ ఏం అడిగావ్?" అన్నాడు క్లైవ్ పేపరు దించకుండా.

"అర్థం కావట్లేదా? నాకైతే మరీ కటువుగా రాశానేమోనని భయంగా ఉంది."

మర్నాడే జవాబు వచ్చింది. ఇంత పెద్దమనసుతో గది వదులుకున్నందుకు గ్వెన్ కృతజ్ఞతలు చెప్పింది. యోగా టీచరు పూలగుత్తి పంపింది. హిలరీ ఆ పూలను నీళ్ళలో పెట్టి, చాలా బాగున్నాయని తిరిగి కార్డు రాసింది.

గురువారం తరగతిలో సంగతి చెప్పగానే, బేకరీలో పనిచేసే టర్కీ ఆమె నెస్లిహాన్ లేచి నిలబడింది.

"గది ఇవ్వొద్దని చెప్పలేదా మీరు?"

"అలా ఎలా చెప్తామమ్మా? సూచించాను."

"పదండి కిందకి."

కౌంటరు దగ్గర నెస్లిహాన్ ఊపిరి కూడా తీసుకోలేదు. "మాకు గురువారం గది కావాలి. ఇవ్వండి."

ఒక్క 'జస్ట్' లేదు. తొమ్మిదేళ్ళ శ్రమ కళ్ళముందే కూలుతుంటే హిలరీ కళ్ళు మూసుకుంది.

"అయ్యో, ముందే చెప్పొచ్చుగా! హిలరీ గారు అలిసిపోయారేమో అనుకున్నా. యోగావాళ్ళు మంగళవారమైనా వస్తామన్నారు," అంది గ్వెన్. డైరీ తెరిచి పెన్ను పట్టుకుని హిలరీ వైపు తిరిగి, "మీ నోటితో చెప్పండి. కావాలా?" అని అడిగింది.

"కావాలి," అంది హిలరీ. ఆ మాట అంత పొట్టిగా ఉండడం చూసి ఆమెకే కంగారు పుట్టింది. "అంటే, మీకు మరీ..."

నెస్లిహాన్ ఆమె కాలు గట్టిగా తొక్కింది.

"సారీ," అంది హిలరీ, తొక్కిన ఆమెతోనే.

ఈలోగా గ్వెన్ డైరీలో హిలరీ పేరు రాసేసింది.