పెత్తనం బయటికి వెళ్ళింది

మా అక్క మూడేళ్ళ తర్వాత మా ఇంటి గడప తొక్కింది. అదీ పిల్లిని అప్పగించడానికి. ఆఫీసువాళ్ళు పదిరోజుల ట్రైనింగుకి పంపుతున్నారట. బుట్ట కింద పెట్టి, "దీని పేరు పెత్తనం. నిన్ను నమ్మి వదిలి వెళ్తున్నా," అంది. మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

తప్పు నాదే. నేను అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాను. అప్పుడెప్పుడో నా మాట ఏదో గుచ్చుకుని అక్క రెండు పేజీల ఉత్తరం రాస్తే, అందులోని పదకొండు తప్పులకు ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి తిప్పి పంపాను. అలవాటుపడ్డ చెయ్యి, ఊరుకోలేదు. అప్పట్నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. అందుకే ఈ పిల్లిని కంటికి రెప్పలా చూసుకుని, నాలుగు ముద్దలు ఎక్కువే పెట్టి, నిక్షేపంగా తిరిగి అప్పగించాలని పంతం పట్టాను.

అయిదో రోజు పెత్తనం తిండి మానేసింది. ఆరో రోజు పొద్దున్నే వాంతి చేసుకుంది. తోక కింద చాప మీద నాలుగు చుక్కలు నీళ్ళలా కారి ఉన్నాయి. పశువుల డాక్టరమ్మకి ఫోన్ చేశాను.

"బయటికి వెళ్తోందా?" అని అడిగింది ఆవిడ.

"వెళ్తోందండి."

"రోజుకి ఎన్నిసార్లు?"

వేళ్ళు ముడిచి లెక్కపెట్టాను. "అయిదారు సార్లు ఉంటుందండి. తలుపు తియ్యకపోతే గోకి గోకి చంపుతోంది."

"అన్నిసార్లా! నీళ్ళలా అవుతోందా?"

"చాప మీద అలాగే ఉందండి."

విరేచనాలు కట్టుకోవడానికి మందు చెప్పింది. రెండు రోజుల్లో తగ్గకపోతే తీసుకురమ్మంది. పెత్తనాన్ని తువ్వాలులో చుట్టి పూటపూటా నోట్లో మందు పోశాను. నా చేతుల నిండా గోళ్ళ గీతలే.

ఇక అక్కడినుంచి నాకు అంతా అయోమయం. మందు పనిచేసినట్టే ఉంది, చాప శుభ్రంగా ఉంది. మరి ఇది మూలకి వెళ్ళి, నడుం వంచి కూర్చుని, మూలిగి, ఉత్తినే లేచి వస్తోందేమిటి? ముద్ద ముట్టని పిల్లికి పొట్ట ఎలా పెరుగుతోంది? మందు ఎక్కువైందా, తక్కువైందా? ఒక పూట మానేశాను. భయమేసి మరుపూట మళ్ళీ పోశాను. అక్క సాయంత్రం ఫోన్ చేసి, "పెత్తనం ఎలా ఉంది?" అని అంతవరకే అడిగేది. "బాగుంది," అనేవాణ్ణి. అబద్ధమో నిజమో నాకే తెలియదు.

ఎనిమిదో రోజు అది లేవలేదు. బుట్టలో పెట్టుకుని పరుగెత్తాను.

డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి మొహం చిట్లించింది. "రాయిలా ఉందండీ! ఎన్నాళ్ళైంది ఇది బయటికి వెళ్ళి?"

"నిన్న కూడా వెళ్ళిందండి."

"నిన్ననా? ఎక్కడికి?"

"పక్కింటి ప్రహరీ మీదికి."

ఆవిడ పిల్లి పొట్ట మీదినుంచి చెయ్యి తీసేసింది. కాంపౌండరు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"నేనడిగింది దొడ్డికి వెళ్తోందా అని, బాబూ!"

బయటికి. ఆ మాటకి ఆ అర్థం ఉందని నాకు తెలియదా? ఎన్ని పుస్తకాల్లో దిద్దలేదు! అసలే పొట్ట గడ్డకట్టుకుపోయిన పిల్లికి, ఇంకా కట్టుకోవడానికి రెండు రోజులు నా చేతులతో మందు పోశాను.

"మరి ఆ చుక్కలు?"

"గట్టిపడినదాని పక్కనుంచి కాస్త నీరు జారుతుంది లెండి. నేనూ విడమరిచి అడగాల్సింది." ఆవిడ అప్పటికే చేతులకి తొడుగులు వేసుకుంటోంది. "ఎనిమా ఇస్తాను. నీరసంగా ఉంది, సెలైన్ కూడా పెట్టాలి. సాయంత్రం దాకా చెప్పలేను."

వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. గోడకున్న బోర్డులో రెండు అచ్చుతప్పులు కనిపించాయి. నా మీద నాకే అసహ్యం వేసింది.

సాయంత్రం అవుతుండగా కాంపౌండరు తలుపు తీసి, "వెళ్ళిందండీ!" అన్నాడు.

నేను చటుక్కున లేచాను. "వెళ్ళిపోయిందా?"

"అయ్యో, అది కాదండీ బాబూ! దొడ్డికి వెళ్ళింది. కళ్ళు తెరిచి చూస్తోంది. గండం గడిచింది."

అక్క ఫోన్ చేసే వేళ దాకా ఆగలేక నేనే చేశాను. ఎలా చెప్పాలో వాక్యం వాక్యం కూర్చుకున్నాను. తీరా "అక్కా" అనగానే కూర్చుకున్నదంతా చెదిరిపోయింది. ఏడుస్తూ, ముందుది వెనకా వెనకది ముందూ చెప్పేశాను. ఫోను, మందు, చాప, గోడ, నేనే దాన్ని చంపబోయాను, రోజూ నీతో అబద్ధమాడాను.

అక్క అంతా విని, "మరి తిండి?" అని అడిగింది.

"ఇంకా లేదక్కా. రేపటిదాకా ఏమీ పెట్టొద్దంది డాక్టరమ్మ."

"పిల్లి సంగతి కాదురా," అంది అక్క. "నువ్వు తిన్నావా?"