అక్క మాట కింద అక్షరాలు

పొద్దున ఆరయ్యేసరికి అక్క బొగ్గులు రాజేసేది. మెట్ల కింద గది, దానికో కిటికీ, బల్ల మీద నాలుగు మడతలు వేసిన పాత కంబళి. ఎడమ పక్కన నలిగిన బట్టల గుట్ట, కుడి పక్కన ఇస్త్రీ అయిన గుట్ట. నలభై ఏళ్లుగా ఆమె బతుకు ఎడమ నుంచి కుడికి జరుగుతూనే ఉంది. ఆమెకు సొంత తమ్ముడు ఒక్కడే అయినా వీధి వీధంతా ఆమెను అక్కా అనే పిలిచేది.

నీళ్లు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనించగానే ఆవిరి లేచేది. ఆ బట్ట వేసుకున్న మనిషి అందులో ఉండగా ఏం అన్నాడో, ఏం విన్నాడో ఆ మాటలు కూడా ఆవిరితో పాటే లేచేవి. నర్సమ్మ యూనిఫాం మీద పెట్టె పెడితే "ఊపిరి పీల్చండి, వదలండి" అని వినిపించేది. పన్నుల ఆఫీసు గుమాస్తా చొక్కాలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా "రేపు రండి" తప్ప ఇంకో మాట ఉండేది కాదు. లెక్కల మాస్టారి చొక్కా వస్తే పన్నెండో ఎక్కం మూడుసార్లు వినాల్సిందే. అక్కకి చదువు రాకపోయినా ఆ ఎక్కం అలాగే వచ్చింది.

వీధిలో ఎవరికీ ఇదేమీ వింత కాదు. మెట్ల కింద గది తలుపు కాస్త కిర్రుమంటుందన్న సంగతి ఎలా తెలుసో ఇదీ అలాగే తెలుసు. అక్కది కడుపులో దాచుకునే తత్వం కాబట్టి భయం కూడా లేదు. అయినా తప్పు చేసినవాళ్లకి సిగ్గుంటుంది కదా. వాళ్లు తమ బట్టలు తామే ఉతుక్కుని, పరుపు కింద పెట్టుకుని, పొద్దున్నే ముడతలతోనే బయటికొచ్చేవాళ్లు. మగాడెవడైనా రెండు వారాలు వరసగా నలిగిన చొక్కాతో కనిపించాడంటే, పాపం వాళ్లావిడ ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.

అక్క తమ్ముణ్ణి అందరూ దుబాసీ అనేవాళ్లు. అమ్మానాన్న పోయేనాటికి వాడికి ఆరేళ్లు, ఆమెకి పదిహేను. ఈ గదిలోనే, ఈ బల్ల కిందే పడుకుని చదువుకున్నాడు. మూడు పరాయి భాషలు నేర్చాడు. ఇప్పుడు ఊరి కొత్త వైపున లిఫ్టు ఉన్న మేడలో కాపురం. ఆదివారం ఆదివారం ఆరు చొక్కాలు పట్టుకుని అక్క దగ్గరికొచ్చేవాడు. విదేశీ సినిమా కంపెనీలో మాటలు తిప్పి చెప్పే పని దొరికిన దగ్గర్నుంచి రావడం మానలేదు గానీ, చొక్కాలు తేవడం మానేశాడు.

"ఆఫీసు పక్కనే ఇస్త్రీ మెషిన్ ఉందక్కా. నీకెందుకు శ్రమ?"

"మెషిన్ కాలరు సరిగ్గా చెయ్యదురా," అంది అక్క. ఆ పూట బొగ్గులు రెండుసార్లు ఆరిపోయాయి.

కంపెనీ వాళ్లు తీస్తున్నది ఒక విదేశీ డాక్టరు కథ. మురికి ఊరొకటి ఉంటుంది, అందులో చచ్చీ చెడీ బతుకుతున్న జనం ఉంటారు, డాక్టరు వచ్చి వాళ్లని ఉద్ధరిస్తాడు. దానికి వాళ్లు ఎంచుకున్నది అక్క ఉండే వీధినే. వచ్చిన మొదటి రోజే మొన్న మొన్న సున్నం వేసుకున్న గోడలకి మట్టిరంగు పూశారు. దారి పొడుగునా గడ్డి చల్లారు. ఎక్కణ్ణుంచో లారీలో ఒంటెని దించారు. ఆ వీధిలో పుట్టి పెరిగినవాళ్లెవరూ ఒంటెని చూసి ఎరగరు, పెద్దా చిన్నా బారులు తీరి చూశారు. కెమెరాకి పసుపు అద్దం బిగించారు. బయట ఆకాశం నీలంగా ఉంటే చిన్న తెరలో ఊరంతా కామెర్లొచ్చినట్టు కనిపించింది.

వీధి జనమంతా నటించాలని దుబాసీ ముందే చెప్పి ఉంచాడు. సినిమాలో పడతామంటే ఎవరు మాత్రం చిరుగుల బట్టలతో వస్తారు? రెండు రోజుల పాటు అక్కకి ఊపిరి సలపలేదు. పెళ్లినాటి బట్టలన్నీ పెట్టెల్లోంచి బయటికొచ్చాయి. షూటింగు రోజున అందరూ తలలు దువ్వుకుని, గీతలు తేలిన మడతలతో, పాస్‌పోర్టు ఫోటోకి నిలబడినట్టు నిలబడ్డారు. రిటైరైన పోస్టుమాస్టరుగారైతే కోటు వేసుకొచ్చారు.

డైరెక్టరు వాళ్లని చూసి తల పట్టుకున్నాడు. పోస్టుమాస్టరుని వేలితో చూపించి దుబాసీతో తన భాషలో అన్నాడు. "ఈయన ఇక్కడివాడిలా లేడు. పక్కకి పంపెయ్."

డెబ్బై రెండేళ్లుగా ఆయన ఆ వీధిలోనే ఉంటున్నాడు. దుబాసీ చేతులు కట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాడు. "మీరు పెద్దవారు, ఎండలో నిలబడొద్దంటున్నారండీ. నీడలో కుర్చీ వేయించమన్నారు."

"మంచి మనిషిలా ఉన్నాడయ్యా," అని పోస్టుమాస్టరు మురిసిపోయాడు.

కంపెనీ అమ్మాయిలు ఇద్దరు గంపల్లో చిరిగిన బట్టలు తెచ్చారు. వాటి మీద టీ నీళ్లు కొట్టి, బూడిద చల్లి అందరికీ తలా ఒకటి ఇచ్చారు. జనం మొహాలు మొహాలు చూసుకున్నారు. దుబాసీ గొంతు పెంచి చెప్పాడు. "ఇది వందేళ్ల కిందటి కథండీ! అప్పట్లో అందరివీ ఇలాంటి బట్టలే కదా!"

"మరి ఆ డాక్టరు చేతిలో సెల్‌ఫోను ఉందేమిటయ్యా?" అని నీడలోంచి పోస్టుమాస్టరు అడిగాడు.

"అది... ఆయన సొంతదండీ. షాటుకి తీసేస్తారు."

తియ్యలేదు. ఎవరూ మళ్లీ అడగలేదు. దుబాసీ మన పిల్లాడు, మన పిల్లాడు అబద్ధమెందుకు చెబుతాడని ఊరుకున్నారు.

మధ్యాహ్నం డైరెక్టరు కళ్లు అక్క మీద పడ్డాయి. బొగ్గుల సెగకి పదేళ్లు ముందే ముడతలు పడిన మొహం, మణికట్టు మీద పాత కాలిన మచ్చలు. "అద్భుతం," అన్నాడు. డాక్టరు చేతిలో మనవరాలిని పెట్టి తీసుకుపొమ్మనే ముసలమ్మ వేషం ఆమెదేనన్నాడు. ఏం మాట్లాడాలని దుబాసీ అడిగితే డైరెక్టరు నవ్వాడు.

"ఏదో ఒకటి మాట్లాడమను. ఎవరికి తెలుస్తుంది? తెర కింద అక్షరాలు మనం వేసుకుంటాం కదా."

దుబాసీ అక్క దగ్గరికి వెళ్లి పక్కింటి పాపని ఆమె పక్కన నిలబెట్టాడు. "ఆయన దూరం నుంచి వచ్చిన డాక్టరక్కా. నీ ఇంటి సంగతులు ఏవైనా చెప్పు, చాలు."

అక్క డాక్టరు వేషంలో ఉన్న నటుడి కళ్లలోకి చూస్తూ మాట్లాడింది.

"మా తమ్ముడున్నాడు బాబూ. చిన్నప్పుడు వాడికి ఒక్కటే చొక్కా. రోజూ ఉతికి, పొద్దున్నే ఇస్త్రీ చేసి బడికి పంపేదాన్ని. ఒక్కనాడు కూడా వాణ్ణి నలిగిన చొక్కాతో పంపలేదు. వాడు కూడా నన్ను ఎవరి ముందూ తల దించుకోనివ్వలేదు. ఇంతకంటే నాకేం కావాలి చెప్పు?"

చెబుతూ చెబుతూ ఏడ్చింది. మాట అర్థం కాకపోయినా నటుడికీ కళ్లు చెమ్మగిల్లాయి. అందరూ చప్పట్లు కొట్టారు. దుబాసీ కెమెరా వెనక నిలబడి నేల చూపులు చూశాడు. ఆ సాయంత్రమే అక్క మాట కింద వెయ్యాల్సిన వాక్యాన్ని డైరెక్టరు పక్కన కూర్చుని తనే విదేశీ భాషలో టైపు చేశాడు, పైకి చదివి వినిపించాడు. డైరెక్టరు భుజం తట్టాడు. ఇకముందు తీసే సినిమాలన్నిటికీ నువ్వే ఉండాలన్నాడు.

ఒక్కటే మిగిలింది. అక్క సంతకం. సమ్మతి పత్రం మీద ఆమె సంతకం లేకపోతే ఆ సీను సినిమాలో పెట్టడానికి వీల్లేదు.

శుక్రవారం పొద్దున కాగితం జేబులో పెట్టుకుని దుబాసీ వీధికొచ్చాడు. గది ముందు నుంచి మూడుసార్లు అటూ ఇటూ నడిచాడు. లోపలికి వచ్చేసరికి చెమటకి చొక్కా వీపుకి అతుక్కుని, ముడతలు పడి ఉంది. కంపెనీ పేరు కుట్టిన తెల్ల చొక్కా, షూటింగు మొదలైన నాటి నుంచి వేసుకుంటున్నదే.

"ఇదేం అవతారంరా?" అంది అక్క. "విప్పు. రెండు నిమిషాల పని."

"వద్దులే అక్కా. తొందరగా పోవాలి."

అన్నాక గానీ తెలియలేదు, ఏమన్నాడో. ఆ గదిలో చొక్కా ఇవ్వనన్నవాడు తన నేరం తానే ఒప్పుకున్నట్టు. అక్క చెయ్యి చాచి అలాగే ఉంచింది. దుబాసీ గుండీలు విప్పాడు.

నీళ్లు చిలకరించి పెట్టె ఆనించింది. వారాల తరబడి మెషిన్ కింద నలిగి కూడా బయటికి రాని మాటలు ఒక్కసారిగా గదంతా కమ్ముకున్నాయి. ఎక్కువ భాగం డైరెక్టరు గొంతు, ఆ భాషలో. నడుమ నడుమ దుబాసీ గొంతు, మన భాషలో. నీడలో కుర్చీ వేయించమన్నారండీ. వందేళ్ల కిందటి కథండీ. అక్క చొక్కా చేతులు, భుజాలు ఇస్త్రీ చేసింది. వీపు మీదికి వచ్చేసరికి దుబాసీ గొంతే ఆ పరాయి భాషలో ఒక వాక్యం పలికింది. డైరెక్టరు నవ్వు, భుజం తట్టిన చప్పుడు.

"ఇది నువ్వే కదా," అంది అక్క. "ఏమన్నావు?"

ఏదైనా చెప్పొచ్చు. ఆమెకి ఆ భాష రాదు. పోస్టుమాస్టరుకి చెప్పినంత తేలిగ్గా, మా అక్క బాగా చేసిందని అన్నానని చెప్పొచ్చు. దుబాసీ బనీనుతో ఆ బల్ల పక్కన నిలబడ్డాడు.

"నువ్వు మాట్లాడావు కదక్కా, దాని కింద వేసే మాట అది."

"నేను నీ గురించి చెప్పాను."

"అవును."

"దాని కింద ఏం వేస్తున్నారు?"

"'ఈ పిల్లని తీసుకుపో దొరా. ఇక్కడ మేం మనుషులం కాం.'"

అక్క పెట్టె ఎత్తి పక్కన పెట్టింది. బొగ్గుల మీది బూడిద ఊదింది. తర్వాత మళ్లీ పెట్టె అందుకుని కాలరు పూర్తి చేసింది. చొక్కా మడతపెట్టలేదు, వాడికి తొడిగింది, చిన్నప్పటిలాగే గుండీలు కూడా తనే పెట్టింది. జేబులో కాగితం చేతికి తగిలితే తీసింది.

"దీనికోసమేనా వచ్చావు? ఎక్కడ పెట్టాలి సంతకం?"

"అక్కా, వద్దు."

"పెట్టకపోతే నీ పని పోదూ? లిఫ్టు మేడలో పిల్లలతో ఉన్నావు. ఇలా తే ఆ కలం." వంకర టింకర అక్షరాలు మూడు, ఊపిరి బిగబట్టి రాసింది. "తెలియకుండా పెట్టించుకుని ఉంటే నీ మొహం చూసేదాన్ని కాదు. ఇప్పుడు తెలిసే పెట్టాను. ఇక నీ ఇష్టం."

దుబాసీ ఏడ్చాడు. ఆమె ఊరుకోమనలేదు.

హోటల్లో డైరెక్టరు టిఫిన్ చేస్తూ తలెత్తాడు. "పెట్టిందా?"

"లేదు," అన్నాడు దుబాసీ. సంతకం పెట్టిన కాగితం జేబులోనే ఉంది. "ఒప్పుకోలేదు. నేనూ మానేస్తున్నాను."

డైరెక్టరు భుజాలెగరేశాడు. "పోనీలే. ఇలాంటి ముసలమ్మలు ఊరికి వందమంది."

ఆ మాట మీద దుబాసీ ఆ రోజు దృష్టి పెట్టలేదు. అక్క గట్టెక్కింది, తనూ గట్టెక్కాడు, అంతవరకే చూసుకున్నాడు. మేడ ఖాళీ చేసి చిన్న ఇంటికి మారారు. మందుల కంపెనీలో సీసాల మీది కాగితాలు మన భాషలోకి తిప్పే పని దొరికింది. ఆదివారాలు మళ్లీ ఆరు చొక్కాలు తెచ్చేవాడు. వాటిలోంచి "రోజుకి రెండుసార్లు, భోజనం తర్వాత" అని వినిపిస్తే అక్క నవ్వేది.

ఏడాది తిరిగాక సినిమా వచ్చింది. మధ్యాహ్నం ఆటకి అక్కా తమ్ముళ్లిద్దరూ వెళ్లారు. తెర మీద ఇంకెవరిదో వీధి, అదే పసుపు, అదే గడ్డి. ఎవరో ముసలమ్మ, పై పన్ను ఒకటి లేదు, పిల్లని పక్కన పెట్టుకుని డాక్టరు చెయ్యి పట్టుకుంది. మన భాషలోనే మాట్లాడింది.

"మా కోడలికి మోకాళ్ల నొప్పులు బాబూ, మెట్లెక్కలేకపోతోంది. నువ్వు డాక్టరువట కదా. ఏదైనా మందు చూడు నాయనా."

కింద విదేశీ అక్షరాలు పడ్డాయి. దుబాసీ ఆ వాక్యాన్ని గుర్తుపట్టాడు. ఒక్క అక్షరం మారలేదు.

"ఏం వేశారురా?" అని అక్క గుసగుసగా అడిగింది.

చెప్పాడు.

"నువ్వు రాసిందేనా?"

"నేను రాసిందే."

అక్క తెర వైపే చూస్తోంది. ముసలమ్మ ఇంకా డాక్టరు చెయ్యి వదల్లేదు. "ఆవిడకి ఎవరైనా చెప్పారా?"

మర్నాటి నుంచి దుబాసీ ఆ ముసలమ్మ కోసం వెతికాడు.

ఆ వీధి కనుక్కోవడానికి వారం పట్టింది. రెండు బస్సులు మారి, అడుగుతూ అడుగుతూ వెళ్లాడు. గోడల మీద మట్టిరంగు ఇంకా పూర్తిగా వదల్లేదు. ముసలమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. లోపల కోడలు గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేస్తోంది.

"సినిమావాళ్ల తాలూకు అమ్మా నేను," అన్నాడు దుబాసీ.

ముసలమ్మ మొహం విప్పారింది. గభాలున లేచి లోపలికి కేకేసింది. "ఏమేవ్, వచ్చారే! ఆ డాక్టరుబాబు మనిషిని పంపించాడు!" మళ్లీ ఇతని వైపు తిరిగింది. "ఏడాది నుంచి ఎదురు చూస్తున్నాం నాయనా. మందు తెచ్చావా?"