అంకె అరవై రెండయింది

పెనం మీద లహూహ్ రొట్టె బుడగలు తేలుతుండగా మా ఆయన అబ్దుల్ బారీ పాత ల్యాప్‌టాప్ తెచ్చి నా పక్కన పెట్టాడు. “తెరుచుకోవడం లేదు, ఉమ్ యహ్యా. గురువారానికి నీళ్ళ ట్యాంకుల రిపోర్టు పంపాలి. ఏదో ఒకటి చెయ్యి,” అన్నాడు.

ఉమ్ యహ్యా అంటే యహ్యా తల్లి. ఇంట్లో నన్ను అలాగే పిలుస్తారు. ఆయన ఊళ్ళు తిరిగి ట్యాంకులు చూసి వస్తాడు, రిపోర్టులు నేను రాస్తాను. “బారీ రాస్తే చదవాలనిపిస్తుంది” అంటారట ఆఫీసులో. అది చెప్పేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోయేది. ఆ వెలుగు చూసి కొన్నాళ్ళు నేనూ మురిసిపోయాను.

లోపలి సిస్టమ్ పాడయింది. ఉచితంగా దొరికే కొత్తదాన్ని ఫోన్‌లోకి దించుకోవాలి. మా ఇబ్ ఊరి కొండల్లో నెట్ మేడ మీద ఒక్క మూలలోనే అందుతుంది, అదీ మబ్బు దిగనప్పుడు. మొదటిరోజు సగంలో తెగి మొత్తం పోయింది. రెండోరోజూ అంతే. తెగినా ఆగినచోటి నుంచే అందుకునే పద్ధతి మూడోరోజుకి వెతికి పట్టుకున్నాను.

కింద నుంచి అత్తగారు కేకేసింది. “బట్టలు ఆరేస్తున్నావా, నేస్తున్నావా?”

“మబ్బు పట్టింది అత్తయ్యా, ఆరడం లేదు!”

మబ్బు కొండ దిగి మేడ మీదికే వచ్చేది. తడి దుప్పట్ల మధ్య కూర్చుంటే ఊరు మాయమై, ఆ తెల్లదనంలో నేనూ ఫోనూ మిగిలేవాళ్ళం. నూటికి అరవై ఒకటి దగ్గర అంకె కదలదు. ఎక్కడో సముద్రాల అవతల నుంచి ఏదో చుక్క చుక్కగా నా ఒళ్ళోకి వచ్చి చేరుతోంది. ఎవరూ ఏదీ పురమాయించని ఆ కాసేపట్లో, ఒకప్పుడు కాలేజీకి నడిచిన జొన్నచేల గట్టు కాళ్ళ కింద మెత్తగా తగిలింది. పక్కనే మగవాళ్ళు ఖాత్ ఆకు నములుతూ కూర్చునే గదిలోంచి మా ఆయన గొంతు. “కంప్యూటరా? మా ఇంట్లోవాళ్ళ చేతిలో పెట్టాను. ఇక దేవుడే దిక్కు!” నవ్వులు. అంకె అరవై రెండయింది.

బుధవారం పొద్దున మొత్తం దిగింది. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ల్యాప్‌టాప్‌కి గుచ్చాను. ఇక నెట్‌తో పని లేదు. కాసేపటికి తెర అడిగింది: మీ పేరు?

“నా పేరు కొట్టు,” అంటూ ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మా వైపు ఆడవాళ్ళ పేరు బయటికి రానివ్వరు; మా పెళ్ళి కార్డు మీద కూడా నేను ఫలానావారి కూతురినే. తఖియ్యా అని నా పేరే కొట్టాను. “స్వాగతం, తఖియ్యా” అంది తెర. మా అమ్మ పోయాక ఆ పేరుతో నన్ను పిలవడం అదే మొదటిసారి. పొయ్యి మీద పులుసు మాడిన వాసన వచ్చింది. రానిచ్చాను.

గురువారం మధ్యాహ్నం నేను రిపోర్టు రాసి పంపాక ఆయన తెర మీద చదువుకుంటూ ఆఖరి పేజీ దగ్గర ఆగిపోయాడు.

“ఇదేంటి? నా పేరేదీ?”

“ఉందిగా, ట్యాంకులు చూసినవారు అన్నచోట,” అన్నాను. “రాసినవారు అన్నచోట మాత్రం, రాసినవాళ్ళ పేరు పెట్టాను.”