కింది గొంతు పట్టు

గిలోన్ పేరెత్తితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మా పెద్దచర్చిలో అతనిది పై గొంతు. మేం ముగ్గురం టెనార్లం, అంటే పాటలో ఒక్కో స్వరాన్నీ కింది గొంతులో కలిసి పట్టుకుని నిలబడేవాళ్లం. మా స్వరం మీద అతను రాగం అల్లుతాడు. అల్లిక ముగించి తల ఊపితే మేం తర్వాతి స్వరానికి కదలాలి. మేం కదిలేదాకా అతను ఆపకూడదు. అదీ మా కట్టుబాటు.

ఆ అల్లికలన్నీ మా గురువు ఒడార్‌గారివి. కాగితం లేదు, కలం లేదు, ఆయన నోటి నుంచి గిలోన్ నోటికి వచ్చినవి. నేర్చుకోవడం అయ్యాక ఈ పుణ్యాత్ముడు ఏం చేశాడు? ముసలాయన తాగొచ్చి పూజలో తప్పులు పాడుతున్నాడని పెద్దలకు చెప్పి గాయకబృందం నుంచి గెంటించాడు. రాగాలన్నీ తన సొంతమన్నాడు. చూపు మందగించిన ఒడార్‌గారు గుమ్మం దగ్గర బిచ్చగాళ్లతో కూర్చుని ఎండు రొట్టె తినేవారు. ఇదేం న్యాయమని నేనడిగితే గిలోన్ నవ్వాడు.

"ఒకే స్వరం గాడిద కూడా పట్టుకుంటుందిరా. నీకెందుకీ పెద్ద మాటలు?"

ఆ మాట మింగాను గానీ అరగలేదు.

ఈస్టర్ రోజు బిషప్ వచ్చాడు. పూజ కాగానే ప్రధాన గాయకుడి వెండి దండం గిలోన్ చేతికివ్వాలి. పొద్దున్నే నా తోటి టెనార్లిద్దరితో మాట్లాడాను. వాళ్లకీ కడుపు మండే ఉంది.

అల్లేలూయలో 'లూ' దగ్గర గిలోన్ అల్లిక ముగించి తల ఊపాడు. మేం కదల్లేదు. వంతులవారీగా ఊపిరి తీసుకుంటూ అదే స్వరం పట్టాం. అతను ఉలిక్కిపడి పాడిందే మళ్లీ పాడాడు, మళ్లీ తల ఊపాడు. ఊహూ. సొంత సరుకైతే ఇంకో అల్లిక పుట్టాలిగా, పాడవయ్యా మరి అనుకున్నాను. అతనికి చెమటలు కారాయి. గొంతు బొంగురుపోయింది. చివరికి ఆగిపోయాడు. చర్చి నిండా మా ఒక్క స్వరమే మిగిలింది. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి ఒక వణికే గొంతు మా స్వరం మీదికెక్కింది. ఒడార్‌గారు. ఆ అల్లిక మేమెవరమూ ఎప్పుడూ వినలేదు. ఆయన ముగించగానే, ఎవరూ తల ఊపకుండానే, ముగ్గురం ఒక్కసారిగా తర్వాతి స్వరానికి కదిలాం. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

పూజయ్యాక బిషప్ ఆ పాడిందెవరని అడిగి, వెండి దండం తీసుకుని తనే గుమ్మం వైపు నడిచాడు. గిలోన్ నా చొక్కా పట్టుకుని, ఎందుకు కదల్లేదురా అని బొంగురు గొంతుతో బుసకొట్టాడు.

"గాడిదలం కదయ్యా," అన్నాను. "మాకొచ్చింది ఒకే స్వరం."