కిర్రుమనని కుర్చీ

మామగారు నిలబడి భోంచేయడం మొదలుపెట్టి పదకొండు రోజులైంది. పళ్లెం ఎడమ చేతిలో, అలక ముక్కు మీద. కుర్చీలు లేకనా? బల్ల చుట్టూ నాలుగున్నాయి. ఆయనకు కావలసింది ఐదోది, ముప్పై ఏళ్లుగా కిటికీ పక్కన ఆయన్ను మోసిన చేతుల కుర్చీ. ఆయన పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లిన పూట చూసి అత్తగారు దాన్ని పాత సామాన్ల కొట్టుకు సాగనంపేసింది.

“కూర్చుంటే కిర్రు, లేస్తే కిర్రు, ఊపిరి తీస్తే కిర్రు! నా చెవులు చిల్లులు పడ్డాయి. అది మళ్లీ ఈ గడప తొక్కిందా, నేను గడప దాటతాను,” అని ఆ రోజే తేల్చేసింది.

“దాంతోపాటే నన్నూ పంపెయ్యాల్సింది,” అన్నారు మామగారు. భార్యతో ఆయన మాట్లాడిన ఆఖరి మాట అదే. అప్పట్నుంచీ ఇద్దరి మాటలూ మోసేది కోడలే.

“ఉప్పు అందించమని మీ అత్తగారికి చెప్పమ్మా.”

“ఎదురుగానే ఏడ్చిందని మీ మామగారికి చెప్పమ్మా.”

కట్టుకున్నవాడేమో “నన్ను లాగకు తల్లీ” అని దణ్ణం పెట్టి ఆఫీసుకు చెక్కేస్తున్నాడు. పన్నెండో రోజు కోడలికి ఓపిక నశించి కొట్టుకు పరుగెత్తింది. చిరిగిన పరుపుల మధ్య కుర్చీ ఇంకా అక్కడే ఉంది. కొనడం ఎంతసేపు! గడప దాటించడమెలా? అంతలో అరలోని రంగు డబ్బాలు కంటబడ్డాయి. వేషం మార్చేస్తే సరి!

కొట్టాయన తన పెరడు ఇచ్చాడు. స్నేహితురాలింటికని చెప్పి మూడు మధ్యాహ్నాలు అక్కడే గడిపింది. గరుకు కాగితంతో రుద్ది రుద్ది పాత వార్నిష్ వదిలించింది. పగుళ్లలో లప్పం కూరింది. అంతటితో ఆగి రంగేసుంటే బాగుండేది. కానీ పనిలో దిగితే ఆమెకు ఒళ్లు తెలియదు. ఎవరూ వంక పెట్టకూడదు, అంతే! వదులైన మరలన్నీ ఒక్కటీ వదలకుండా బిగించేసింది. ఆపైన ప్రైమర్ ఒక పూత, నిమ్మపండు రంగు రెండు పూతలు. ఆరాక కూర్చుని ఊగి చూసింది. చప్పుడు లేదు. తన భుజం తానే చరుచుకుంది. కుర్చీ ఎడమ చేతి మీద మామగారి మోచేయి అరగదీసిన పల్లం మాత్రం లప్పానికి లొంగలేదు. రంగు పడ్డాక ఎవరు చూడొచ్చారులే అని వదిలేసింది.

మధ్యలో ఒకరోజు అత్తగారు కోడలి చెవి వెనక చూసి, “ఆ పసుపేంటి?” అంది.

“వాళ్లింట్లో గోడలకి రంగులేస్తున్నారత్తయ్యా.”

“అలాగా. గోడకి చెవి ఆనించి ఏం విన్నావేమిటి?”

పదిహేనో రోజు, భోజనాల వేళకు కుర్చీ ఇంటికొచ్చింది. అత్తగారు దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, దాని ఎడమ చేతి మీద అరచెయ్యి ఆనించి కాసేపలాగే ఉంచింది.

“కొత్తదేనా?”

“కొ... కొత్తదేనత్తయ్యా.”

“రంగు బాగుంది. ఆ కిటికీ పక్కన పెట్టు.”

గండం గడిచింది! కోడలు మామగారికి కళ్లతో సైగ చేసింది.

“కంట్లో నలక పడిందామ్మా?” అన్నారాయన.

ఆమె బతిమాలితే, పళ్లెం చేత్తో పట్టుకునే ముళ్ల మీద ఉన్నట్టు కూర్చున్నారు. ఇటు కదిలారు, అటు కదిలారు. కుర్చీ కిమ్మనలేదు. లేచిపోయారు.

“మంచి కుర్చీయేనమ్మా. నాది కాదుగా.”

కోడలికి ఏడుపొక్కటే తక్కువ. నిజం చెబితే అత్తగారు గడప దాటుతుంది. చెప్పకపోతే మామగారు జన్మంతా నిలబడే తింటారు. ఎంత చక్కగా పనిచేసింది! కుర్చీ గొంతు తన చేతులతోనే నొక్కేసింది.

“కూర్చోండి. మీదే,” అంది అత్తగారు, సూటిగా ఆయనతోనే. “ముప్పై ఏళ్లు ఆ పల్లంలో దుమ్ము తుడిచినదాన్ని. ఇంత రంగు పూస్తే నాకు తెలీదా?”

కోడలు నోరెళ్లబెట్టింది. “మరి... గడప?”

“దాటేదాన్నైతే ఈపాటికి చెప్పులేసుకోనూ?” అంది అత్తగారు. తర్వాత ఆవిడ గొంతు తగ్గింది. “ఆ కిర్రు వినపడకపోతే ఈయన ఉన్నారో లేరో తెలియట్లేదే. భయమేసి, వంటింట్లోంచి పూటకి పదిసార్లొచ్చి తొంగి చూస్తున్నాను. మోకాళ్లు పడిపోయాయనుకో.”

 మామగారు పళ్లెం ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా కూర్చున్నారు. ఖాళీ అయిన ఎడమ చేతి మోచేయి దానంతటదే పల్లంలో చేరింది. ఆయన కళ్లు చెమర్చాయి.

“ఉప్పు ఇలా ఇవ్వవోయ్,” అన్నారు భార్యతో.

ఆవిడ లోపలికెళ్లి రెండు చేతులా రెండు తెచ్చింది. ఉప్పు ఆయనకిచ్చి, స్క్రూడ్రైవరు కోడలి చేతిలో పెట్టింది.

“రెండు మరలు వదులు చెయ్యి. మరీ ఎక్కువొద్దు. వంటింటి దాకా వినపడితే చాలు.”