తొలగించవలసిన పేరు

జీవరత్నం తీర్మానమంతా గుండ్రటి అక్షరాలతో రాసి, చివర రెండు గీతలు ఖాళీగా వదిలాడు. తొలగించవలసిన పేరు: ఒక గీత. తండ్రి పేరు: ఇంకో గీత. ముందు అందరి చేతా సంతకాలు పెట్టించాలి. తరవాత ఇన్‌స్పెక్టర్ కళ్ళెదుట ఆ గీతలు నింపాలి. అప్పుడిక ఎవడూ వెనక్కి తగ్గలేడు.

రాయవలసిన పేరు రూతు. కార్డు ప్రకారం అతనికి చెల్లెలు.

కంకిపాడు రోడ్డు పక్కన, కాలవ గట్టున ముప్ఫై రెండు రేకుల ఇళ్ళు. ఊళ్ళోవాళ్ళు దాన్ని బర్మా కాలనీ అంటారు. తొమ్మిదేళ్ళ కిందట, అరవై ఐదులో, రంగూన్ నుంచి ఓడెక్కి వచ్చిన తెలుగువాళ్ళవి ఆ ఇళ్ళు. ఇంటికొక కాందిశీకుల కార్డు. ఇంటి స్థలానికి పట్టా రావాలన్నా, ఆటోనగర్‌లో కాందిశీకుల కోటాలో షెడ్డు రావాలన్నా ఆ కార్డే ఆధారం. జీవరత్నం ఏడేళ్ళుగా వేరేవాడి షెడ్డులో లారీ స్ప్రింగులు బిగిస్తున్నాడు. వచ్చే నెల అతని పేరు మీదే ఒక షెడ్డు మంజూరవుతుంది. బోర్డు మీద ఏం రాయించాలో కూడా అనుకున్నాడు.

ఇంతలో ఎవడో ఆకాశరామన్న ఉత్తరం పడేశాడు. కాలనీలో దొంగ కార్డులతో బర్మా దేశస్థులు ఉంటున్నారని.

విచారణకు వచ్చిన రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ హనుమయ్య, బెజవాడ గవర్నర్‌పేటలో ఒక కాఫీ హోటల్లో జీవరత్నాన్ని కూర్చోబెట్టి విషయం చెప్పేశాడు.

"మీరు సంఘం కార్యదర్శి కాబట్టి చెబుతున్నా. ఒక్క దొంగ పేరుందని నేను రాశాననుకోండి, ఫైలు మొత్తం హైదరాబాదు పోతుంది. ముప్ఫై రెండు కార్డులూ ఆగిపోతాయి. అదే మీ సంఘమే ఫలానా పేరు మాది కాదని తీర్మానం చేసిచ్చిందనుకోండి, నాకూ సులువు, మీకూ సులువు."

"ఫలానా అంటే ఎవరండీ?"

"నన్నడుగుతారేంటి? మొహం చూస్తే తెలియట్లా?"

తెలుస్తూనే ఉంది. రూతువి చిన్న కళ్ళు, చదును ముక్కు. చెంపలకి బర్మా చెక్క అరగదీసిన గంధం పూసుకుంటుంది. కాలనీ మలుపులో బల్ల వేసుకుని, లావుపాటి సేమ్యాల మీద కొబ్బరిపాల పులుసు పోసి ఆటోనగర్ పనివాళ్ళకి అమ్ముతుంది. తెలుగు మాట్లాడితే ముక్కలుముక్కలుగా వస్తుంది. ఆ కాస్త చదవడం, రాయడం కూడా జీవరత్నం నేర్పినవే.

ఆదివారం ఉదయం చొక్కా తొడుక్కుంటుంటే భార్య సంపూర్ణమ్మ అడిగింది. ఆమె కంకిపాడు పిల్ల. బర్మా ఎరగదు.

"ఆ కార్డులో మీ పేరూ ఉందిగా? మీరూ జక్కయ్య మావయ్యకి పుట్టలేదుగా?"

"మెల్లిగా మాట్లాడు," అన్నాడు జీవరత్నం. "నా సంగతి ఎవడడుగుతాడు? నాది తెలుగు మొహం."

రంగూన్ రేవులో పనిచేసిన తెలుగువాళ్ళకి మేస్త్రీయే దేశం. ఒక మేస్త్రీ కింద ఒక జట్టు. ఒకే కొట్టంలో పడక, ఒకే గుండిగలో కూడు. చచ్చిపోయిన కూలీ పిల్లలు మేస్త్రీ పిల్లలే. ఎవరూ కాయితం రాసుకునేవారు కాదు. బర్మా సర్కారు కొట్లూ రేవులూ లాగేసుకుని వెళ్ళిపొమ్మన్నప్పుడు, ఓడెక్కటానికి కుటుంబానికో కాయితం కావాలన్నారు. అప్పుడు మేస్త్రీ జక్కయ్య తన పేరు, భార్య అమలమ్మ పేరు రాయించి, కొడుకు జీవరత్నం, కూతురు రూతు అని చేర్చాడు. జీవరత్నం తండ్రి బియ్యం బస్తాల కింద నలిగి చచ్చిపోయినప్పుడు అతనికి పదకొండేళ్ళు. రూతు, పక్క సందులో చుట్టలు చుట్టే బర్మా ఆవిడ వదిలేసి పోయిన పిల్ల. అలా రాయించింది జక్కయ్య ఒక్కడే కాదు. మేస్త్రీలందరూ అదే చేశారు.

కాలనీవాళ్ళు చర్చిగా వాడుకునే రేకుల షెడ్డులో, ఆరాధన అయిపోయాక సభ మొదలైంది. హనుమయ్య కుర్చీలో, ఒళ్ళో ఫైలుతో. మగవాళ్ళు చాపల మీద. ఆడవాళ్ళు గోడవార. జక్కయ్య ముందు వరసలో బెంచీ మీద, చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని. రూతు గుమ్మం బయటే నిలబడింది.

రూతు పేరు ముందే బయటపడకూడదని, ఎవరి పేరూ ఎత్తకుండా రాసుకున్న తీర్మానాన్ని జీవరత్నం చదివాడు. "కన్నబిడ్డ కాకుండా కార్డులో బిడ్డగా చేరిన ప్రతి పేరునూ తొలగించుటకు ఈ సంఘమునకు అభ్యంతరము లేదు."

చేపల గంప పక్కన పెట్టుకుని కూర్చున్న ఆదెమ్మ లేచింది. రేవులో మొగుణ్ణి పోగొట్టుకుని ముగ్గురు పిల్లలతో ఓడెక్కిన మనిషి.

"ఆ ప్రతి పేరూ ఎవరిదో కాస్త నోరు తెరిచి చెప్పు నాయనా. పులుసు తాగేటప్పుడు మాత్రం బల్ల ముందు వరసలో ఉంటావుగా."

నవ్వులు లేచాయి. జీవరత్నం నవ్వలేదు.

"అత్తా, ఇది చట్టం. ఆ అమ్మాయి మీద నాకు కోపమా? ముప్ఫై రెండిళ్ళు ఒక్క మనిషి కోసం మునిగిపోవాలా, అది చెప్పు."

"అక్కడ మనల్ని కలా కలా అని రాళ్ళేశారు. నల్లోళ్ళారా పొండన్నారు. ఓడ దిగితే ఇక్కడేమన్నారు? బర్మావోళ్ళొచ్చారన్నారు. రెండు మాటలూ పడ్డోడివి, ఇప్పుడు నువ్వు ఇంకోదాన్ని పొమ్మంటున్నావా?"

"పొమ్మనటం లేదు. కార్డులో పేరు తీసేస్తారు, అంతే."

"కార్డు తీసేశాక మనిషి ఎక్కడుంటదిరా?"

వెనక నుంచి పోతురాజు అందుకున్నాడు. అతని కార్డులో ఇద్దరు తమ్ముళ్ళున్నారు. "ఊరుకో ఆదెమ్మా! జాలి పడితే పట్టా వస్తదా? మనది ధర్మసత్రం కాదు. మనోళ్ళు ఎవరో, పైవాళ్ళు ఎవరో తేలిపోతే మంచిదేగా?"

"నీ తమ్ముళ్ళని ఏ అమ్మ కన్నదో చెప్పనా పోతురాజూ, అందరి ముందూ?"

పోతురాజు గబుక్కున కూర్చుండిపోయాడు. హనుమయ్య ఫైల్లోంచి తలెత్తి అతన్ని ఒకసారి చూసి, మళ్ళీ దించుకున్నాడు. ఆ చూపుని జీవరత్నం గమనించలేదు. గమనించి ఉంటే అక్కడే ఆగిపోయేవాడేమో.

గంటసేపు అరుచుకున్నారు. చివరికి పట్టా అన్న మాటే గెలిచింది. మొదటి సంతకం జీవరత్నం పెట్టాడు. తరవాత ఒక్కొక్కరే లేచారు. పెట్టనివాళ్ళు ఇద్దరు. ఆదెమ్మ, జక్కయ్య.

"కార్డు నాది కాదండీ, మేస్త్రీది," అంది ఆదెమ్మ ఇన్‌స్పెక్టర్‌తో. "ఆయన్ని అడగండి. కూతురంటే కూతురే."

జీవరత్నం ఎదురుచూస్తున్నది ఆ మాట కోసమే. అడిగితే జక్కయ్య కూతురే అంటాడు. రంగూన్‌లో కాయితాలు రాసిన ఆఫీసర్ల ముందు కూడా తొణక్కుండా అన్నాడు. కాని ఆ ముసలాయన పుస్తకం మీద చెయ్యేసి అబద్ధమాడడు. రేవులో ఒక దొంగతనం విచారణలో సొంత బావమరిది కోసం కూడా ఆడలేదు. బావమరిది జైలుకు పోయాడు.

"ప్రమాణం చేయించండి సార్," అన్నాడు జీవరత్నం. "బైబిలు నేను తెస్తాను."

పరుగున వెళ్ళి జక్కయ్య ఇంట్లో గూట్లోంచి బైబిలు తెచ్చాడు. అట్ట ఊడిపోయి, పురికొస చుట్టి ఉంది. లోపల మడిచిన కాయితాల అంచులు బయటికి పొడుచుకొచ్చాయి. చూసే తీరిక లేదు. బెంచీ మీద పెట్టి, జక్కయ్య కుడిచెయ్యి తనే పట్టుకుని దాని మీద ఉంచాడు.

"అవసరమా రత్నం?" అన్నాడు జక్కయ్య.

"నిజం చెప్పటానికి భయమెందుకు నాయనా?"

ముసలాయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. హనుమయ్య గొంతు సవరించుకున్నాడు. "ఈ రూతు అనే అమ్మాయి మీకు పుట్టిన కూతురేనా?"

"అవునండీ."

షెడ్డంతా ఒక్కసారిగా హోరెత్తింది. జీవరత్నం తన చెవుల్ని తనే నమ్మలేకపోయాడు. "నాయనా! పుస్తకం మీద..."

"పుస్తకం మీదే చెబుతున్నా. చుట్టలు చుట్టే ఆవిడకి పుట్టింది. నాకు పుట్టింది. అమలమ్మకి తెలుసు. ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. చెల్లెల్ని చేసుకుని పెంచు అని నీ చేతుల్లో పెట్టింది ఆవిడే." జక్కయ్య ఎడమచేత్తో పురికొస లాగాడు. మడత కాయితం ఒకటి తీసి ఇన్‌స్పెక్టర్‌కి ఇచ్చాడు. రంగూన్‌లో ఇచ్చిన బాప్తిస్మం కాయితం. బిడ్డ పేరు రూతు. తండ్రి పేరు జక్కయ్య. పాదిరి సంతకం, ముద్ర.

గుమ్మం బయట రూతు ద్వారబంధం పట్టుకుని కింద కూర్చుండిపోయింది. ఆదెమ్మ ఆమె దగ్గరకు పోయింది.

"చెయ్యి తీసెయ్యొచ్చా అండీ?" అన్నాడు జక్కయ్య.

"ఒక్క ప్రశ్నుంది." హనుమయ్య తీర్మానం చేతిలోకి తీసుకుని చదివాడు. "కన్నబిడ్డ కాకుండా చేరిన ప్రతి పేరు. మంచి మాట రాశారండీ, ఎవరూ తప్పించుకోకుండా. మీ కార్డులో కొడుకు అని ఇంకో పేరుంది."

జీవరత్నం తీర్మానం కోసం చెయ్యి చాచాడు. "సార్, అది... ఉత్తరంలో నా సంగతి లేదు కదండీ."

"ఉత్తరంలో లేదు. మీ తీర్మానంలో ఉంది."

జక్కయ్య చెయ్యి ఇంకా పుస్తకం మీదే ఉంది. తీసెయ్యాలన్నా తియ్యలేనట్టు ఉంది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"చెప్పమంటావా రత్నం? నువ్వు చెప్పొద్దంటే ఇక్కణ్ణుంచి లేచిపోతా. ఏ శిక్షయినా వేసుకోనీ."

చెప్పొద్దు అనటానికి నోరు తెరిచాడు. షెడ్డు నిండా మనుషులు. ఇందాకే సంతకాలు పెట్టినవాళ్ళు. నిజం చెప్పటానికి భయమెందుకు అని తను అన్న మాట విన్నవాళ్ళు. వాళ్ళలో ఒక్కడైనా వద్దు మేస్త్రీ అంటాడేమోనని చూశాడు. పోతురాజు అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"ఊరుకుంటే నేను పుట్టలేదనే రాసుకోవాలి," అన్నాడు హనుమయ్య.

"పుట్టలేదండీ," అన్నాడు జక్కయ్య. "పదకొండో ఏట నుంచి నా కంచంలోనే తిన్నాడు. నా జట్టువాడు. అంతకంటే దగ్గరివాళ్ళు మాకు లేరు."

"జట్టు అనే వరస కార్డులో లేదు కదండీ."

"లేదండీ. అందుకే కొడుకని రాశా." జక్కయ్య చెయ్యి తీశాడు. జీవరత్నం వంక చూడకుండా అన్నాడు. "నేను రాసింది నువ్వే కొట్టేశావు."

సంపూర్ణమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడవార నిలబడింది. రూతు లోపలికి వచ్చింది. చెంపల గంధం చారలు కట్టింది. హనుమయ్య రాసుకున్న వాంగ్మూలం కింద, చూపించిన చోట సంతకం పెట్టింది. జీవరత్నం నేర్పిన గుండ్రటి అక్షరాలే. కలం కింద పెట్టి, అతని ముందు ఒక్క క్షణం ఆగింది.

"అన్నా, నన్ను అడిగితే... నేనే పోతాను అనేదాన్ని," అంది. ఇంకేదో చెప్పబోయింది, తెలుగు మాట దొరకలేదు. బయటికి పోయింది.

హనుమయ్య తీర్మానం బెంచీ మీద పరిచి కలం అందించాడు. "రెండు గీతలు ఖాళీగా ఉన్నాయి. కార్యదర్శి మీరేగా, నింపండి. పోతురాజుగారి కార్డు, తక్కినవి వచ్చే వారం చూస్తాను."

"షెడ్డు, సార్... వచ్చే నెల..."

"కార్డు లేకుండా షెడ్డేంటండీ?"

మొదటి గీత మీద తన పేరు రాసుకున్నాడు. చోటు సరిగ్గా సరిపోయింది. రెండో గీత దగ్గర చెయ్యి అలవాటుగా జ అని మొదలుపెట్టి ఆగిపోయింది. తొమ్మిదేళ్ళుగా ప్రతి దరఖాస్తు మీదా రాసిన పేరు. తలెత్తాడు. జక్కయ్య బెంచీ మీద లేడు. ఆదెమ్మ చెయ్యి పట్టుకుంటే కాలవ గట్టున నడుస్తున్నాడు, వెనకాల రూతు బైబిలు మోస్తోంది.

ఆ అక్షరం కొట్టేసి, పక్కన సొలొమోను అని రాశాడు. బస్తాల కింద పోయిన మనిషి పేరు.

హనుమయ్య సిరా ఆరేదాకా ఊదాడు. "ఈ సొలొమోనుగారివి ఏమైనా కాయితాలున్నాయా? ఇండియావి గాని, బర్మావి గాని?"

"లేవండీ."

"మరింకేం," అని ఫైలు కట్టేశాడు.