అలికిన కోళ్ళగూడు

మా ఆయన కోళ్ళు పెంచుతానన్న రోజున నేను నవ్వలేదు, ఏడవలేదు. అట్లకాడ పొయ్యి గట్టుమీద పెట్టి, "మీకు మతిగానీ పోయిందా?" అన్నాను.

"మతి పోలేదు కామేశ్వరీ. ఉద్యోగం పోయింది" అన్నారు.

నర్సీపట్నం బెల్లం కొట్లో ఇరవై రెండేళ్ళు గుమాస్తాగా చేశారాయన. ఊళ్ళో అందరికీ యాజులు గారు. షావుకారు పోయాక కొడుకులు కొట్టు మూసేశారు. యాభై దగ్గరపడ్డ మనిషిని కొత్తగా ఎవరు పెట్టుకుంటారు? ఇది డెబ్బై తొమ్మిది నాటి మాట.

కాకినాడ నుంచి మా అన్నయ్య సోమసుందరం ఉత్తరం రాశాడు. మీరిద్దరూ ఇక్కడికి వచ్చేయండి, వెనక గది ఖాళీగానే ఉంది, మీ వదినకి వంటలో సాయంగా ఉంటావు అని. ఆ సాయం సంగతి నాకు తెలియనిది కాదు. మా మేనత్త అలాగే సాయానికని వెళ్ళి, ముప్పై ఏళ్ళు వాళ్ళ పొయ్యి ముందు కూర్చుని, అక్కడే పోయింది. నాకు పెద్ద కోరికలేం లేవు. నా వంటిల్లు నాకుండాలి. పప్పులో ఉప్పెంత వెయ్యాలో ఇంకొకరిని అడిగే బతుకు వద్దు.

"ధనుర్మాసం దాకా ఆగమని మీ అన్నయ్యకి రాశాను" అన్నారు మా ఆయన. "అయిదు నెలలకి గుడ్లు పెడతాయట. అవి పెడితే మనం ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు."

"గుడ్లా? మనమా?"

"తినమన్నానా? పెంచుదామన్నాను."

ఆషాఢంలో విశాఖపట్నం వెళ్ళి, చిల్లులు పొడిచిన అట్టపెట్టెలో యాభై పిల్లల్ని తెచ్చారు. బస్సులో దారి పొడుగునా పెట్టె ఒళ్ళోనే పెట్టుకున్నారట. ఒక్కరోజు పిల్లలు. వాటికి ఏం పెట్టాలో, ఎలా పడుకోబెట్టాలో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు మంగరాజుని బతిమాలి తీసుకొచ్చారు. పెరట్లో తాటాకు పాకకి గోడలు కట్టించి, వెచ్చదనానికి గంప కింద బల్బు వేలాడదీశారు.

"సూడండి యాజులు గారూ" అన్నాడు మంగరాజు, "నేలమీద ఊక నాలుగు వేళ్ళ మందం ఎయ్యండి. పొద్దున్నా సాయంత్రం కర్రతో కలియబెట్టండి. తియ్యకండి, కడక్కండి. నీటి సుక్క తగిలిందంటే అంతే సంగతులు."

"మరి రెట్టలో?" అన్నాను తలుపు చాటునుంచి.

"ఊకలోనే ఎండిపోతాయమ్మా. ఏటీ అవదు."

ఏటీ అవదట! రెట్టల్లోనే తిండి, రెట్టల్లోనే నిద్ర. ఇల్లన్నాక తెల్లారి లేచి కడగాలి, పేడతో అలకాలి, ముగ్గెయ్యాలి. నాకు అయిదేళ్ళప్పటినుంచీ మా అమ్మ నేర్పింది అదే. ఈ కాంపౌండరెవరో వచ్చి మురికిని అలాగే ఉంచమంటే ఒంటికి పడుతుందా?

మొదటి వారం నేను ఆ వైపు వెళ్ళలేదు. ఆయనే అన్నీ చూసుకున్నారు. గంప పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, పిల్లలు దగ్గరగా ముడుచుకుంటే బల్బు కిందికి దించడం, దూరంగా పోతే పైకి ఎత్తడం. కొట్టు మూసేశాక ఆ మొహంలో నవ్వు చూసింది అప్పుడే. రెండో వారంలో నూకలు తీసుకుని నేనూ వెళ్ళాను. చప్పుడు వినగానే అన్నీ నా కాళ్ళమీదికి పరుగెత్తుకొచ్చాయి. నేను కసిరాను గానీ, మర్నాడు గుప్పెడు నూకలు ఎక్కువే పట్టుకెళ్ళాను.

శ్రావణం వచ్చింది. పక్కింటి వర్ధనమ్మ గోడమీంచి తొంగిచూసి, ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుంది.

"కామేశ్వరీ, ఏమీ అనుకోకమ్మా. వాసన మా దేవుడి గదిదాకా వస్తోంది. వరలక్ష్మీవ్రతం నాడు పేరంటానికి పిలుస్తావు కదా, ఎవరైనా నీ గుమ్మం తొక్కుతారంటావా?"

నా తల కొట్టేసినట్టయింది. పెళ్ళయినప్పటినుంచి ఏ ఏడూ నా ఇంట పేరంటం తప్పలేదు. కొట్టు పోయిందని జాలి పడితే పడ్డారు, శుభ్రం లేని మనిషి అనిపించుకోవడం నావల్ల కాదు.

మర్నాటి నుంచి, ఆయన కోళ్ళ మేతకి చిట్టు కోసం రైస్ మిల్లుకి బయల్దేరగానే, కుచ్చెళ్ళు ఎగదోపుకుని పాకలోకి దూరేదాన్ని. పిల్లల్ని గంప కింద మూసి, పాత ఊకంతా ఎత్తి పోసి, నేల కడిగి, ఆవుపేడతో చక్కగా అలికేదాన్ని. పైన కొత్త ఊక పల్చగా చల్లేదాన్ని. తర్వాత నూతి దగ్గర తలమీంచి నీళ్ళు పోసుకుని, మడి కట్టుకుని వంట మొదలుపెట్టేదాన్ని. ఎనిమిది రోజులు అదే పని. ఆయనకి చెప్పలేదు. ఊక కలియబెట్టే పని నేను చూసుకుంటానని మాత్రం అన్నాను. చెబితే వద్దంటారు, పైగా మగవాళ్ళకి శుభ్రం సంగతేం తెలుసని నా ధీమా. బయట ఒకటే ముసురు. అలికిన నేల ఏ రోజూ ఆరలేదు.

వ్రతం నాడు పిలిచినవాళ్ళంతా వచ్చారు. కాళ్ళకి పసుపు రాయించుకుని, శనగలూ తాంబూలం పుచ్చుకున్నారు. వర్ధనమ్మ గాలి పీల్చి చూసి, "ఈ ఇంట్లో కోళ్ళున్నాయంటే నమ్మరే!" అంది. ఆ పూట నాకు నేలమీద కాళ్ళు ఆనలేదు.

మర్నాడు పొద్దున్న నాలుగు పిల్లలు రెక్కలు వేలాడేసుకుని, కళ్ళు మూసుకుని మూలన నిలబడ్డాయి. రెట్టలు ఎర్రగా ఉన్నాయి. మధ్యాహ్నానికి రెండు పోయాయి. మా ఆయన పరుగెత్తి మంగరాజుని తీసుకొచ్చారు. అతను చచ్చిన పిల్లని కోసి చూశాడు. పేగుల నిండా నెత్తురు. తర్వాత గుప్పెడు ఊక తీసి పిసికాడు. అది ముద్ద కట్టింది.

"ఇది పొడిగా రాలిపోవాలండి. తడి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

గుమ్మంలో నిలబడ్డ నేను తలుపు చాటుకి జరిగాను. మా ఆయన వంగి చేత్తో ఊక పక్కకి జరిపి నేల చూశారు. ఒక క్షణం అలాగే చూసి, ఊకని మళ్ళీ సర్దేశారు.

"తాటాకు సరిగ్గా కప్పించలేదయ్యా. జల్లు కొట్టినట్టుంది. నాదే తప్పు" అన్నారు.

"ఎంత పని సేసారండీ బాబూ! బేగి ఈ మందు నీళ్ళలో కలిపి పట్టండి."

అవి నీళ్ళు తాగే స్థితిలో లేవు. ఇంకు ఫిల్లరుతో ఒక్కొక్కదాని ముక్కులో చుక్కలు వేస్తూ ఆయన పాకలోనే కూర్చున్నారు. భోజనానికి పిలిస్తే వస్తున్నానంటారు, రారు. నేను వెళ్ళి పిల్లల్ని పట్టుకునేదాన్ని. ఇంకా వేడిగా ఉన్న పిల్ల చేతిలోనే మెడ వాల్చేస్తే, నేనే చంపానని అరవాలనిపించేది. అరవలేదు. భయం వేసింది, సిగ్గేసింది. పదిరోజుల్లో నిమ్మచెట్టు కింద తవ్వడానికి చోటు లేకపోయింది. మిగిలిన ఏడింటిని మంగరాజుకి ఇచ్చేశారు. ఆ సాయంత్రమే కాకినాడకి కార్డు రాశారు.

సామాను ముందే పంపించేసి, నర్సీపట్నం బస్టాండులో తుని బస్సు కోసం కూర్చున్నాం. ఇక ఆపుకోలేకపోయాను.

"తాటాకు బాగానే ఉందండీ. నేనే రోజూ అలికాను."

"తెలుసు" అన్నారాయన. "ఆ రోజు ఊక జరిపినప్పుడే చూశాను. పేడలో నీ వేళ్ళ చారలు కనిపించాయి."

"మరి నన్ను తిట్టలేదేం?"

"తిడితే పిల్లలు బతికేవా?" ఆయన రోడ్డు వంకే చూస్తున్నారు. "మీ అన్నయ్యావాళ్ళతో ఈ మాట అనకు. నేను చేతకానివాణ్ణని వాళ్ళు ఎప్పుడో అనుకున్నారు, నాకు కొత్తగా పోయేదేం లేదు. ఆ వంటింట్లో రోజూ ఉండవలసింది నువ్వు."

బస్సు వచ్చింది. ఎక్కాం.

మర్నాడు కాకినాడలో మధ్యాహ్నం భోజనాల దగ్గర అన్నయ్య పకపకా నవ్వాడు. "ఏం బావా, ఆఖరికి కోడిపిల్లల్ని కూడా బతికించలేకపోయావన్నమాట!"

మా ఆయన కూడా నవ్వారు. "అవునోయ్, పాక కప్పించడం కూడా రాదు నాకు" అన్నారు.

వదిన నా వంక చూసింది. నేను వంగి, ఆయన విస్తట్లో చారు వడ్డించాను.